ఎడమ చేతికీ ఒక పాట

హార్మోనియం ముందు కూర్చున్నవాడి ఎడమ చేయి పాట పాడదు, గాలి కొడుతుంది. తిత్తి తెరవడం, మూయడం దాని పని. రాగమంతా కుడి చేతిదే. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు మెట్ల వాయిద్యం మీద వేలు పెట్టిన పిల్లల్లో చాలామందికి తొలిపాఠం ఇలాగే మొదలైంది. కొందరికి భజన మందిరంలో, కొందరికి నాటకం పందిట్లో, ఇంకొందరికి చర్చిలో పాటల బృందం పక్కన. ఇప్పుడు అదే ఇళ్ల పిల్లలు ఫోన్లో పియానో విని, తామూ రెండు చేతులతో వాయించాలని కూర్చుంటున్నారు. కుడి చేయి చెప్పినమాట వింటుంది. ఎడమ చేయి మొరాయిస్తుంది. పడమటి ప్రకాశంలో ఒక కుర్ర పియానిస్టు ఎలా మొదలవుతాడు, అతని బాణీ ఎక్కడ మలుపు తిరుగుతుంది అని ఎవరైనా అడిగితే, ఆ ఎడమ చేతి వెంట నడిచి చూడమంటాను.

దేశమంతటా పిల్లలు అక్షరాలు దిద్దుకున్న రాతి పలకలు మార్కాపురం నుంచి వెళ్లాయి. సంగీతం దిద్దుకోవడానికి మాత్రం ఇక్కడి పిల్లలు ఊరు దాటాల్సిందే. ఒంగోలు వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. గిద్దలూరు వాళ్లకు నంద్యాల దగ్గర. ప్రభుత్వ సంగీత కళాశాలలు విజయవాడలోనో, ఇంకా దూరాన 1919 నాటి విజయనగరంలోనో. అక్కడ ప్రధానంగా నేర్పేది గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, నాదస్వరం. పియానో నేర్చుకుంటానన్న పిల్లవాడికి ఊళ్లో దొరికే గురువులు ఇద్దరే: హార్మోనిస్టు, చర్చి కీబోర్డు ప్లేయరు. ఆ ఇద్దరినీ తక్కువగా చూడటం పొరపాటు. వాళ్లిచ్చే చెవి పట్నపు పియానో క్లాసులో దొరకదు.

తిత్తి పట్టిన చేయి

పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ 1842లో పేటెంటు తీసుకున్న హార్మోనియం కాళ్లతో తొక్కేది, కుర్చీ వేసుకుని వాయించేది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దాన్ని నేల మీద కూర్చునేవాళ్లకు తగ్గట్టు చేతి పెట్టెగా మార్చాడు. కాళ్లు చేసే పని ఎడమ చేతికి వచ్చి పడింది. దాంతో ఎడమ చేయి పాటలోంచి తప్పుకుంది. మన సంగీతానికి అదేమీ లోటుగా తోచలేదు. ఒక గొంతు, ఒక రాగం, వెనక ఒక శ్రుతి ఉంటే చాలు మనకు. రెండు స్వరాలు ఒకేసారి పలికి ఒకదానికొకటి జవాబు చెప్పుకోవడం మన పద్ధతిలో లేదు.

పద్యనాటకం ఊరూరా పాకిన తర్వాత వేదిక పక్కన కాలి హార్మోనియం కనిపించేది. అందులో తిత్తిని కాళ్లే తొక్కుతాయి కాబట్టి రెండు చేతులూ ఖాళీ. అయినా హార్మోనిస్టు రెండు చేతులతో ఒకే వరసను రెండు స్థాయిల్లో వాయించేవాడు. మైకు లేని రోజుల్లో పందిరి చివర కూర్చున్నవాళ్లకు వినబడాలంటే ఆ జోడింపు అవసరం. ఎడమ చేతికి స్వేచ్ఛ వచ్చింది గానీ సొంత మాట రాలేదు.

హార్మోనిస్టు అసలు విద్య వేరే చోట ఉంది. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకుని, చివరి పాదం దగ్గర రాగం తీయడం మొదలుపెడతాడు. ఎంతసేపు తీస్తాడో, ఏ స్వరం మీద నిలుస్తాడో ముందుగా చెప్పడు. కొన్నిసార్లు అతనికే తెలియదు. వాయించేవాడు అరక్షణం వెనకగా అతన్ని పట్టుకుని వెళ్లాలి. ముందుకు పోతే నటుడికి అడ్డం, వెనకబడితే రాగం చెదురుతుంది. నటుడు ఊపిరి తీసుకునే చోట ఆ రాగాన్నే కొనసాగించి మళ్లీ అతని చేతికి అందించాలి. జనం వన్స్ మోర్ అంటే మొదటికి రావాలి. నటుడి గొంతు ఆ రాత్రి దిగితే శ్రుతి మార్చాలి. ఒకటి, ఒకటిన్నర, నాలుగు, ఐదున్నర అని మన వేదికల మీద శ్రుతి చెప్పే లెక్క కూడా మెట్ల మీదిదే: తెల్ల మెట్టుకు పూర్తి అంకె, నల్ల మెట్టుకు అర. ఐదున్నరలో వాయించమంటే మారుమాట లేకుండా వాయించే హార్మోనిస్టు, పన్నెండు స్కేళ్లూ చేతికి వచ్చిన మనిషి. పాశ్చాత్య పద్ధతిలో పియానో నేర్చుకునే పిల్లవాడికి ఆ స్థితి రావడానికి ఏళ్లు పడుతుంది.

పెద్దవాళ్లు ఈ వాయిద్యాన్ని తిట్టిన రోజులూ ఉన్నాయి. సప్తకంలో పన్నెండు మెట్లు తప్ప మధ్యలో ఏమీ లేవనీ, స్వరం జారదు, ఊగదు, గమకం పలకదనీ అభ్యంతరం. ఠాగూర్‌కు హార్మోనియం గిట్టేది కాదు. ఆలిండియా రేడియో 1940 మార్చి నుంచి దాన్ని స్టూడియోల్లోంచి బహిష్కరించింది. 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. ముప్పై ఏళ్లపాటు రేడియోలో వినపడని వాయిద్యం పల్లెల్లో మాత్రం ఒక్క రాత్రీ ఆగలేదు. అయితే ఆ అభ్యంతరం అబద్ధం కాదు. మెట్ల వాయిద్యం పట్టిన ప్రతి తెలుగు పిల్లవాడూ ఏదో ఒక రోజు దాని ముందు నిలబడాల్సిందే.

రెండు గొంతులు ఒకేసారి

ఈ ప్రాంతంలో రెండు స్వరాలను కలిపి వినడం నేర్పింది చర్చి. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి కంభం మీదుగా తూర్పుకు ప్రవహిస్తుంది. ఆ నది ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 1876-78 కరువు, బకింగ్‌హామ్ కాలువ పనుల్లో కూలి ఇప్పించిన జాన్ క్లౌ దొర, అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ అన్నీ ఆ కథలోనివే. తర్వాత కంభం, మార్కాపురం కూడా మిషన్ కేంద్రాలయ్యాయి. ఈ చరిత్రలో మతం గురించి, కులం గురించి రాసినవాళ్లు చాలామంది. చెవి గురించి రాసినవాళ్లు తక్కువ.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి కీర్తనల తలపైన రాగం, తాళం ముద్రించి ఉంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలు ఉంటాయి. అదే ఆరాధనలో ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు పెట్టిన పాటలూ వినిపిస్తాయి. వాటి సొంత ఊళ్లో అవి నాలుగు వరసల పాటలు: సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్. మన చర్చిల్లో ఆ నాలుగూ ఎప్పుడూ పూర్తిగా పాడకపోవచ్చు. కానీ కింది వరసలో ఇంకేదో నడుస్తోందని, పై స్వరం మారకపోయినా కింది స్వరం మారితే పాట రంగు మారుతుందని ఆ గదిలో కూర్చున్న పిల్లవాడు మాటల్లో పెట్టలేకపోయినా వింటాడు. ఒకే ఆదివారం, ఒకే గంటలో అతను రెండు సంగీతాల మధ్య పెరుగుతాడు. ఇంత అదృష్టం కొద్దిమందికే దక్కుతుంది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. ఆయన పూర్వీకులు కంభం సీమలోని కాకర్ల నుంచి దక్షిణానికి వలస వెళ్లారని సంగీత చరిత్రకారులు చెబుతారు. ఆ ఊరు ఇప్పటి అర్ధవీడు మండలంలో ఉంది. కర్ణాటక సంగీతంలో అందరికన్నా ఎక్కువగా వినిపించే వాగ్గేయకారుడి వంశం ఊరు ఒకవైపు, నాలుగు వరసల పాట ఇక్కడికి దిగిన మిషన్ కేంద్రం మరొకవైపు. రెంటికీ మధ్య దూరం ఎంతో లేదు.

ఒక వేలు, ఒక బటన్

కాసియో 1980లో కీబోర్డులు అమ్మడం మొదలుపెట్టింది. కొన్నేళ్లకు చిన్నవి మన ఊళ్లకూ చేరాయి. తర్వాత యమహా భారతీయుల కోసమే తబలా, తంబూరా, సితార్ శబ్దాలతో పీఎస్ఆర్-ఐ వరసను తెచ్చింది. 61 మెట్లు, అడాప్టరు, స్టాండు, భుజాన వేసుకుపోయే సంచి. పెళ్లికైనా, క్రిస్మస్ క్యారల్స్‌కైనా, వినాయక చవితి పందిరికైనా మోటారుసైకిల్ మీద పట్టుకుపోవచ్చు.

దీంతో ఎడమ చేతికి తిత్తి చాకిరీ తప్పింది. కానీ కొత్తగా వచ్చిన పని దానికంటే తక్కువది. స్టైల్ బటన్ నొక్కి, ఎడమ చేతి వేలు ఒకటి ఒక మెట్టు మీద పెడితే చాలు. డ్రమ్ములు, బాస్, గిటార్ అన్నీ ఆ మెట్టు కార్డ్‌లో, అంటే కలిసి పలికే స్వరాల గుత్తిలో, మోగుతాయి. వేలు జరిపితే అన్నీ జరుగుతాయి. వినేవాళ్లకు పెద్ద ఆర్కెస్ట్రా. వాయించేవాడి ఎడమ చేయి మాత్రం స్విచ్చు వేసినంత పనే చేస్తుంది. బాస్ వరస ఎటు నడిచిందో, ఎందుకు అలా నడిచిందో ఆ చేతికి తెలియదు.

ట్రాన్స్‌పోజ్ బటన్ సంగతి మరీ. పాటలన్నీ తెల్ల మెట్ల మీద ఒకటో శ్రుతిలో నేర్చుకుని, గాయకుడు మూడు అంటే బటన్ నొక్కి నాలుగు అంకెలు పెంచడం. పని జరిగిపోతుంది. ఐదున్నరలో నేరుగా వాయించే ఆ నాటకం హార్మోనిస్టు విద్య ఒక తరంలో ఈ బటన్‌లోకి పోయింది. ఆదివారం ఉదయం ఆరాధన ఆగకూడదు కాబట్టి బటన్ వాడేవాళ్లను తప్పుపట్టను. ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా దాని మీద చేయి వేసే పిల్లవాడిని చూస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు యూట్యూబ్ వచ్చింది. రంగు రంగుల గీతలు పైనుంచి జారి మెట్ల మీద పడే వీడియోలు చూసి పిల్లలు కష్టమైన పాటలే వాయిస్తున్నారు. గిద్దలూరులో గురువు లేని పిల్లవాడికి అది గురువే. అయితే ఆ గీతలు వేలు ఎక్కడ పెట్టాలో చెబుతాయి గానీ ఎంత బరువుతో పెట్టాలో చెప్పవు. హార్మోనియం మెట్టును మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా శబ్దం ఒకటే, హెచ్చుతగ్గులు తిత్తిలో ఉంటాయి. పియానోలో మెట్టు వెనక సుత్తి ఉంది. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫోరి చేసిన ఆ ఏర్పాటులో వేలు ఎంత వేగంగా దిగితే సుత్తి తీగను అంత బలంగా కొడుతుంది. కాబట్టి హార్మోనియం మీద పెరిగిన వేళ్లు పియానో దగ్గరకు రాగానే అన్ని స్వరాలనూ ఒకే బరువుతో పలికిస్తాయి. పాట సరిగ్గానే ఉంటుంది, ప్రాణం ఉండదు. ఇక్కడే బాణీ మారే మొదటి మలుపు.

వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊళ్లలో అసలు పియానో కొని చెక్కను, తీగలను కాపాడుకోవడం తేలిక కాదు. దాన్ని శ్రుతి చేసే మనిషి కూడా దగ్గర్లో ఉండడు. అందుకే సుత్తి బరువు తెలిసే 88 మెట్ల డిజిటల్ పియానో ఇక్కడి ఇంటికి సరిపోతుంది. మెట్లలో బరువు లేని కీబోర్డుకు ఎన్ని వందల శబ్దాలున్నా అది ఈ విద్యకు పనికిరాదు.

బందరు నుంచి మద్రాసుకు

తెలుగు ఊళ్లలో చాలాకాలం పియానో తెర మీద చూసే వస్తువు. 1962 నాటి ఆరాధన సినిమాలో అక్కినేని దాని ముందు కూర్చుని పాడతాడు. సంగీతం సాలూరి రాజేశ్వరరావుది. ఆ వాయిద్యం ముందు కూర్చునేవాడు మనవాడే కావచ్చు గానీ, అది మోగే ఇల్లు మనది కాదని చూసేవాడికి అనిపించేది. ఆ దూరాన్ని దాటి మెట్ల వాయిద్యాన్నే బతుకుగా చేసుకున్న తెలుగు కుర్రవాళ్లలో మణిశర్మ కథ ఇక్కడ చెప్పదగ్గది.

1964లో మచిలీపట్నంలో పుట్టాడు. తండ్రి వయొలిన్ విద్వాంసుడు, సినిమా ఆర్కెస్ట్రాల కోసం కుటుంబం మద్రాసు చేరింది. కొడుకు కూడా మొదట వయొలినే పట్టాడు, మాండొలిన్, గిటార్ మీద కూడా చేయి వేశాడు. తర్వాత కీబోర్డు వైపు తిరిగాడు. జాకబ్ జాన్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నాడు. ఈ వరసలో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. వయొలిన్‌లో స్వరస్థానం పట్టేది, జార్చేది, ఊపేది ఎడమ చేతి వేళ్లే. హార్మోనియం నుంచి వచ్చిన పిల్లవాడి ఎడమ చేయి నిద్రలో ఉంటే, వయొలిన్ నుంచి వచ్చిన పిల్లవాడి ఎడమ చేయి అప్పటికే అన్నీ తెలిసిన చేయి. అలాంటి చేయి మెట్ల మీదకు వస్తే ఊరుకోదు.

రాజ్-కోటి, కీరవాణి వంటి సంగీత దర్శకులకు ఏళ్లతరబడి కీబోర్డు వాయించాడు. అప్పటి కీబోర్డు వాద్యకారుడి పని ఇతరుల పాటకు రంగులు అద్దడం. 1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన రాత్రి సినిమాతో నేపథ్య సంగీతం చేతికి వచ్చింది. అది భయపెట్టే సినిమా. అక్కడ వరస కంటే నిలిచి ఉండే శబ్దం, కార్డ్ మారే క్షణం, మౌనం ముఖ్యం. 1998లో బావగారూ బాగున్నారా, చూడాలని ఉంది వచ్చేసరికి జనం అతన్ని పాటల వరసతోనే గుర్తుపట్టడం మొదలుపెట్టారు. మెలోడీ బ్రహ్మ అన్నారు. 2003లో ఒక్కడు, 2019లో ఇస్మార్ట్ శంకర్ పక్కపక్కన పెట్టి వింటే ఒకే మనిషి బాణీ ఎంత దూరం నడిచిందో తెలుస్తుంది. కానీ వయొలిన్ వేలితో ఆలోచించిన వరస అడుగున కదులుతూనే ఉంటుంది. మొదట పట్టిన వాయిద్యం మనిషిని వదలదు. మార్కాపురం పిల్లవాడి పియానోలో హార్మోనియం వినపడితే దాన్ని చెరిపేయాలని చూసే గురువు దగ్గరకు పంపకండి.

చక్రం మీద వేళ్లు

మెట్టుకూ మెట్టుకూ మధ్య స్వరం లేదన్న పాత అభ్యంతరం దగ్గరకు మళ్లీ వద్దాం. మాండొలిన్ మీదా ఇదే మాట అనేవారు. 1969లో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎనిమిది తీగల వాయిద్యాన్ని ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మార్చుకుని, చిన్నవయసులోనే ఆ మాటను పక్కన పెట్టించాడు. కీబోర్డు విషయంలో చెన్నైకి చెందిన కె. సత్యనారాయణన్ అలాంటి దారే వేశాడు. కీబోర్డు ఎడమ చివర స్వరాన్ని వంచే చక్రం ఒకటి ఉంటుంది. కుడి చేయి మెట్ల మీద, ఎడమ చేయి ఆ చక్రం మీద. తోడి గాంధారం ఊగుతుంది, కాంభోజి జారుతుంది. కచేరీ మొత్తం అలా వాయిస్తాడు.

గమనించారా, ఎడమ చేతికి ఇది మూడో ఉద్యోగం. మొదట గాలి కొట్టింది. తర్వాత కార్డ్ పట్టింది. ఇప్పుడు గమకం పలికిస్తోంది. కార్డ్, గమకం రెండూ ఒకేసారి పలికించడం ఒక్క చేతికి చేతకాదు. అసలు పియానోకు వచ్చేసరికి ఆ చక్రం కూడా ఉండదు. తెలుగు కుర్ర పియానిస్టు బాణీ మారుతూ వచ్చేది ఈ ఇరకాటంలోనే. పక్క స్వరాన్ని లిప్తపాటు తాకి రావడం, రెండు మెట్ల మధ్య మెత్తగా కంపించడం, జారవలసిన చోట చిన్న స్వరాల మెట్లు దిగడం లాంటివి వెతుక్కుంటాడు. అవి గమకాలు కావు, గమకం గుర్తుకొచ్చేలా చేసే దారులు. చెన్నైలో అనిల్ శ్రీనివాసన్ సిక్కిల్ గురుచరణ్ గాత్రంతో పియానో కలిపి చేస్తున్న పనిలో ఇంకో తెలివి ఉంది: రాగం ఊగే పని గొంతుకు వదిలేసి, పియానో చుట్టూ చోటు ఇస్తుంది.

పన్నెండు పదమూడేళ్ల పిల్లల చేతి వరసలో నాకు తరచూ వినిపించేది ముందు తొందర. సినిమా పాట విన్నది విన్నట్టు, ఎంత వేగమైతే అంత గొప్ప. తర్వాత కార్డ్‌ల మోజు వస్తుంది. ప్రతి స్వరం కింద ఒక కార్డ్, ప్రతి కార్డ్‌లో ఐదు స్వరాలు. మోహనం పాడుతున్నా కింద మోహనంలో లేని స్వరాలు మోగుతుంటాయి. ఈ దశ దాటాల్సిందే, దీన్ని మందలించి ఆపలేం. చెవి ఎదిగినప్పుడు చేతులే తీసివేయడం మొదలుపెడతాయి.

ఆ తీసివేతకు తోడ్పడే సామగ్రి మన దగ్గరే ఉంది. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర యూరోపియన్ బ్యాండు విని శంకరాభరణంలో రాసిన నోటుస్వరాలు నలభై దాకా ఉన్నాయి. వాటిలో గమకం లేదు, కాబట్టి ఎడమ చేతి కార్డ్‌లు హాయిగా కలుస్తాయి. పిల్లలు పియానోలో మొదట నేర్చే సి మేజర్ స్కేలూ మన శంకరాభరణం స్వరస్థానాలే. సంగీతం మేష్టారు సరళీ స్వరాలకు ఎంచుకునే మాయామాళవగౌళ ఇంకో తలుపు. ఒకటో శ్రుతిలో దానికి రెండు నల్ల మెట్లు, రిషభం దగ్గర ఒకటి, ధైవతం దగ్గర ఒకటి. దాని కింద మామూలు కార్డ్‌లు వేస్తే రాగం చెడుతుంది. ఎడమ చేతితో షడ్జమం, పంచమం మాత్రం పట్టి ఉంచితే నిలుస్తుంది.

చర్చిలో కీబోర్డు వాయించే పిల్లలకు ఇది వెంటనే పనికొచ్చే పాఠం. పురుషోత్తమ చౌదరి కీర్తన వచ్చినప్పుడు స్టైల్ ఆపేసి, పైన ముద్రించిన రాగం పేరు చదివి, ఎడమ చేతిని సా, పా మీద ఉంచి వాయించమనండి. ఆ తర్వాత ఇంగ్లీషు బాణీ పాట రాగానే అదే చేతితో కింది బాస్ వరసను స్వరం స్వరంగా నడిపించమనండి, ట్రాన్స్‌పోజ్ బటన్ ముట్టకుండా. మొదటి కొన్ని వారాలు పాట కుంటుతుంది. పాడేవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. పెద్దలు కాస్త ఓపిక పడితే, సంవత్సరం తిరిగేసరికి ఆ వాయిద్యం ముందు రెండు చేతులున్న మనిషి కూర్చుని ఉంటాడు.